మనది కాబట్టి కాదు, మంచిగున్నది కాబట్టి

ఈ మధ్య ఏం వింటున్నవ్, ఏం చదువుతున్నవ్, ఏం తింటున్నవ్ అని ఎవరన్నా అడిగితే నా దగ్గర జవాబు రెడీగా ఉంటది. కిన్నెర కథలు, సురవరం ప్రతాపరెడ్డి పుస్తకం, జొన్న రొట్టె, బాలానగర్ సీతాఫలం, నారాయణపేట కాటన్ చీర, ఆర్టీసీ బస్సులో కిటికీ సీటు. ఇదంతా ఫోన్లో టైప్ చేసి హైదరాబాద్‌ల ఉండే మా తమ్మునికి పంపిస్తే వాడు చదివి, "అక్కా, ఇది నీ ఇష్టాల లిస్టా లేకుంటే టూరిజం వాళ్ల పాంప్లేటా" అన్నడు. పైనుంచి నవ్వే బొమ్మలు నాలుగు.

కోపం వచ్చింది గానీ వాడన్నది తీసిపారేసే మాటేం కాదు. ఎందుకంటే మన దగ్గర ఇప్పుడు ఒక పద్ధతి నడుస్తున్నది, ఊరిది, పాతది ఏదన్నా కంటపడితే చాలు చేతులు జోడించే బొమ్మ పెట్టి "మన సంస్కృతి, మన మూలాలు, కాపాడుకుందాం" అని స్టేటస్ పెట్టాలె, పెట్టినంక దాని పక్కకు కూడా పోవొద్దు. వినాల్సిన పని లేదు, తినాల్సిన పని లేదు, కట్టుకోవాల్సిన పని అసలే లేదు. గౌరవించినం కదా, అయిపోయింది. నేను కూడా గా బాపతే అనుకున్నడు వాడు. నాకు గా బాపతు వాళ్లతోనే పేచీ. నా లిస్టులో ఉన్నవి మన ఊరివి కాబట్టి లేవు. మంచిగున్నయి కాబట్టి ఉన్నయి. రెండిటికీ చాలా తేడా ఉన్నది, ఆ తేడా గురించే ఇదంతా రాస్తున్న, కొంచెం పొడుగైతది, ఓపిక ఉన్నోళ్లు చదవండి.

కిన్నెర సంగతే తీసుకోండి. కిన్నెర వాయించుకుంట కథలు పాడే దర్శనం మొగులయ్య పేరు ఇప్పుడు తెలియనోళ్లు లేరు. మాది మహబూబ్‌నగర్, అంటే పాలమూరు. మా పక్కనున్న నాగర్‌కర్నూల్ జిల్లా, లింగాల మండలం, అవుసలికుంట ఆయనది. 2021లో భీమ్లా నాయక్ టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు వచ్చింది, 2022లో పద్మశ్రీ వచ్చింది, వీటన్నిటికంటే ముందే ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకంలో పాఠం కూడా అయిండు. మా బిడ్డ ఆ పాఠం చదివింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించేది ఎవరు అంటే టక్కున చెప్తది. మరి కిన్నెర ఎట్ల మోగుతదే అని అడిగితే మొఖం చూసింది. బళ్లో ఎవరూ వినిపించలేదు పాపం, పరీక్షలో అది అడగరు కదా.

సరే అని ఒకరోజు వంట చేసుకుంట ఫోన్లో పండుగ సాయన్న కథ పెట్టిన. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పంచిన పాలమూరు మొనగాని కథ అది. కిన్నెర చూసినోళ్లకు తెలుసు, పొడుగాటి వెదురు బొంగు, దానికింద ఎండిన సొరకాయ బుర్రలు, బొంగు మీద మైనం పెట్టి అంటించిన మెట్లు, నెమలీకల సింగారం. దాని సప్పుడు వీణ లెక్క తియ్యగా ఉండదు. కొంచెం గరగరగా, ముక్కుతోని మాట్లాడినట్టు ఉంటది. మొదట్లో నాకూ అలవాటు కాలేదు. కానీ కథలోకి దిగినంక అది వాయిద్యం అన్న సంగతే యాది ఉండదు, కథ చెప్పే ఇంకో మనిషి లెక్క అయిపోతది. మొగులయ్య ఒక మాట పాడి ఆగుతడు, ఆగినకాడ కిన్నెర అందుకుంటది. పాట కాస్తా మాటైతది, మాట మళ్లీ పాటైతది, ఎక్కడ మారిందో పట్టుకోలేం. మా బిడ్డ హోంవర్క్ పక్కన పెట్టి వంటింటి గడప మీద వచ్చి కూసున్నది. కాసేపైనంక "అమ్మా, సాయన్నను పట్టుకున్నరా మరి?" అని అడిగింది. చెప్పలే. నువ్వే విను అన్న.

గా ప్రశ్న కావాలె నాకు. పాఠం పుస్తకం గా ప్రశ్న పుట్టించలేదు, పాట పుట్టించింది. కథ మీద ఆత్రం పుట్టినోళ్లకు సంస్కృతి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, నాకు తెల్వనిది కాదు. ముందు గౌరవం అన్నా ఉంటేనే కదా తర్వాత ఇష్టం పుట్టేది, ఎవరూ పట్టించుకోకుంటే ఆ కళ చచ్చిపోదా అంటరు. కొంతవరకు నిజమే. పాఠం లేకపోతే మా బిడ్డకు ఆ పేరు కూడా తెలియకపోవు. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చేదాకా బుర్రవీణ అనే వాయిద్యం ఒకటుందని మా ఆఫీసులో సగం మందికి తెల్వదు, అందరూ పాలమూరు దిక్కోళ్లే. అవార్డు వచ్చినంక పేరు తెలిసింది, ఒప్పుకుంట. కానీ పేరు తెలిసినంక ఏమైంది? పద్మశ్రీ తీసుకున్న మొగులయ్యే 2024లో కూలి పనికి పోతున్నడని వార్త వచ్చినప్పుడు అందరం అయ్యో అన్నం, షేర్లు కొట్టినం. అయ్యో అన్నోళ్లు లక్షల మంది. ఇంట్ల పెళ్లికో, గృహప్రవేశానికో కిన్నెర వాయించేటోళ్లను పిలిచి, గంటసేపు కూసొని విని, డీజేకు ఇచ్చినన్ని పైసలు వాళ్ల చేతిల పెట్టినోళ్లు ఎంతమంది? డీజేను ఎవరూ "కాపాడుకుందాం" అనరు, చూడండి. వాని డేట్లు దొరకవు.

ఇదే పేచీ నాకు గోరటి వెంకన్న పాటల దగ్గర కూడా ఉంది. ఆయనది గౌరారం, తెల్కపల్లి మండలం, మళ్లీ మా దిక్కే. ఏ సభ జరిగినా "పల్లె కన్నీరు పెడుతుందో" మోగాల్సిందే, అది 2002లో కుబుసం సినిమాలో వచ్చింది, గొప్ప పాట, కాదనేటోళ్లు ఎవరు. కానీ ఆయనను ఆ ఒక్క ఏడుపుకే కట్టేసినం మనం. ఆయన పిట్టల గురించి, వాగుల గురించి, గల్లీలో గరీబోళ్ల గురించి హుషారుగా పాడేటియి ఉన్నయి చూడండి, నోరు తిరగనంత వేగంగా చెట్ల పేర్లు, పిట్టల పేర్లు పోతుంటయి, అవి నాకు పానం. 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం పేరే వల్లంకి తాళం, పిట్ట పేరు మీద. ఏడిపించేటప్పుడు కంటే ఆడించేటప్పుడే ఆయన పెద్ద కవి అని నా అభిప్రాయం, తిట్టుకోండి.

పుస్తకాలకొస్తే, ఇప్పుడు నా మంచం పక్కన ఉన్నది ఆంధ్రుల సాంఘిక చరిత్ర. సురవరం ప్రతాపరెడ్డిది. ఆయన ఊరు ఇటికాలపాడు, ఇప్పటి గద్వాల జిల్లా. ఈయన పేరు చెప్పంగనే మా దగ్గర సభల్లో ఒకటే కథ చెప్తరు, తెలంగాణలో కవులు లేరని ఎవరో అంటే పంతం పట్టి 1934లో 354 మంది కవులతోని గోలకొండ కవుల సంచిక వేసిండు అని. మంచి కథే, నిజం కథే, విన్న ప్రతిసారి చప్పట్లు కొడ్తం. కానీ చప్పట్లు కొట్టినోళ్లలో ఆయన పేజీ ఒక్కటన్నా చదివినోళ్లు ఎంతమంది అంటే మళ్లీ అదే సంగతి. విగ్రహం అయిపోయినంక మనిషి రాసింది ఎవరు చదువుతరు.

నిజం చెప్పాల్నంటే ఆ పుస్తకం మస్తు మజా ఉంటది. 1949లో వచ్చింది, 1955లో తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు దీనికే ఇచ్చిన్రు, అప్పటికే ఆయన పోయి రెండేండ్లు. పేరు చూసి పరీక్ష పుస్తకం అనుకునేరు. ఇందులో రాజులు పక్కకు జరుగుతరు. ఏ రాజు ఏ రాజును కొట్టిండు అన్నది ఆయనకు పట్టదు. జనం ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏ ఆటలు ఆడిన్రు, ఏం తాగిన్రు, ఏ దయ్యాలకు భయపడ్డరు, గిదీ ఆయన పరేషాన్. శాసనాల్లో దొరకనిదంతా పాత కావ్యాలు తిరగేసి ఏరుకొచ్చిండు. కాకతీయుల కాలం గురించి చెప్పేకాడ క్రీడాభిరామం పట్టుకుంటడు. ఓరుగల్లులో పూటకూళ్ల ఇల్లు, అంటే ఇప్పటి మన మెస్సు. ఒక్క రూక ఇస్తే సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్లు, గడ్డ పెరుగు. నేను ఇది చదివింది రాత్రి పదకొండు దాటినంక, ఆకలైంది, లేచి ఫ్రిజ్ తీసి చూస్తే పొద్దటి పప్పుచారు ఉంది. ఎన్నో వందల ఏండ్ల కింది మెనూ చదివి ఆకలైందంటే రాసినోనిది మామూలు చెయ్యి కాదు.

వరుసగా చదవను నేను. మధ్యల తీసి ఎక్కడ పడితే అక్కడ చదువుత. భాష కొంచెం పాతది, అయినా ఆగిపోయేంత కష్టం కాదు, రెండు పేజీలు ఓర్చుకుంటే ఆయన గొంతు అలవాటైతది. మూఢనమ్మకాల దగ్గరికి వస్తే కోపం కూడా దాచుకోడు, అది నాకు ఇంకా ఇష్టం.

లోపం లేదా అంటే ఉంది. ఆయనకు దొరికిన సాక్ష్యం కావ్యాలు, కావ్యాలు రాసినోళ్లు ఎక్కువ రాజుల పంక్తిల కూసొని తిన్నోళ్లు. పొలంల నాటేసి వచ్చిన ఆడామె ఆ రాత్రి ఏం తిన్నదో కవి చూడలేదు, చూడనిది ఈయనకు దొరకదు. ఆడోళ్లు అందులో నగల లిస్టుల్లో, చీరల పేర్లల్లో కనబడ్డంత ఎక్కువగా పనిల కనబడరు. మన ఊరాయన కదా అని గీ మాట చెప్పకుండ మింగితే అది ఆయనకు చేసే మర్యాద కాదు. ఆయనే ఎవరినీ వదిలిపెట్టలేదు మరి.

తిండి కాడికి వద్దాం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది, అప్పటినుంచి జొన్న రొట్టె తింటుంటే చూసే చూపే మారింది. "షుగరా?" అని అడుగుతున్నరు. పెద్ద హోటళ్లలో మిల్లెట్ ప్లేటర్ అని పెట్టి ఇంతింత ముక్కలు నాలుగు పేర్చి ఐదొందలు తీసుకుంటున్నరు. ఫైబర్ ఎంత, గ్లూటెన్ లేదు, గుండెకు మంచిది, మోకాళ్లకు మంచిది. మందుబిళ్ల గురించి చెప్పినట్టే చెప్తున్నరు తిండి గురించి. మందు లెక్క తినేది ఏదైనా రోగం తగ్గంగనే మానేస్తం. జొన్న రొట్టెకు గా గతి పట్టొద్దని నా బాధ.

మా అత్తమ్మ రొట్టె చేస్తుంటే చూడాలె. పిండిలో మసిలే నీళ్లు పోస్తది, చల్ల నీళ్లు పోస్తే పిండి పట్టుకోదు, జొన్నలో సాగే గుణం లేదు కాబట్టి ఉడుకు నీళ్లే దాన్ని కలిపి ఉంచాలె. చెయ్యి కాలుతుంటేనే అరచేతి మడిమతోని నూకి నూకి పిసుకుతది, ముద్ద నున్నగా అయ్యేదాకా వదలదు. పీట మీద పొడి పిండి చల్లి, ముద్ద పెట్టి, కుడిచెయ్యితోని తట్టుకుంట ఎడమచెయ్యితోని తిప్పుకుంట పోతది, రొట్టె తనంతట తనే తిరుగుతున్నట్టు ఉంటది. అంచు పగిలితే వేలితోని అద్ది మూస్తది. పెంక మీద వేసినంక తడిబట్టతోని పైన నీళ్లు రాస్తది, ఆ నీళ్లు ఇంకంగనే తిప్పేస్తది, చివరికి మంట మీద పెడితే పొంగుతది. నేను చేస్తే పొంగదు, అది వేరే సంగతి, అందుకే సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు మా గల్లీ మూలకు పొయ్యి పెట్టుకున్న ఆమె దగ్గర కొనుక్కొస్త. పెంక మీదినుంచి తీసింది తీసినట్టు, పైన ఎల్లిపాయ కారం, చెంచాడు నెయ్యి. లేకుంటే పుంటికూర. నారాయణపేట దిక్కు పోతే కరకరలాడే కడక్ రొట్టెలు దొరుకుతయి, అవి పల్లీల పొడితోని. ఇందులో ఆరోగ్యం ఉంటే ఉండనీ, దాని గురించి నేను ఆలోచించ.

ఇంకోటి చెప్త. "మన" తిండి, "మన" తిండి అంటం గదా, జొన్న మొదట పుట్టింది ఆఫ్రికాలో, వేల ఏండ్ల కింద ఇటు వచ్చింది. వనపర్తి, గద్వాల దిక్కు ఎక్కడ చూసినా కనబడే పల్లి చేను దక్షిణ అమెరికాది. ఎల్లిపాయ కారంలో పడే మిరపకాయ కూడా అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసోళ్ల ఓడల మీద దిగిందే. ఆఖరికి మా బాలానగర్ సీతాఫలం, ఆ ఊరి పేరు మీదనే రకానికి పేరొచ్చింది, వేరే రాష్ట్రాల్లో కూడా బాలానగర్ అనే అమ్ముతరు, గా చెట్టు ముత్తాతలు కూడా అమెరికా దిక్కువాళ్లే. ఎవరో మీటింగ్ పెట్టి ఇవి మన వారసత్వం అని తీర్మానం చేస్తే మనవి కాలేదు ఇవన్నీ. నాలుకకు నచ్చినయి, మన ఎర్రమట్టికి, తక్కువ వానకు తట్టుకున్నయి, ఉండిపోయినయి. ఇష్టమే వీటికి పట్టా రాసిచ్చింది.

సీతాఫలం గురించి రెండు మాటలు, ఎందుకంటే కొనుడు చాలా మందికి రాదు. దసరా ముందు వెనక జడ్చర్ల, బాలానగర్ రోడ్డు పక్కన గంపలు పెట్టుకొని ఆడోళ్లు కూసుంటరు. గుట్టల మీద తెల్లారకముందే తెంపుకొచ్చిన కాయలు అవి. పండింది కొనకండి, ఇంటికి చేరేలోపు నలుగుతది. కండ్లు విచ్చుకున్న కాయ, అంటే గడికీ గడికీ మధ్య సందు వెడల్పై తెల్లగా తేలిన కాయ ఏరుకోండి. సందులు లేకుండ ముడుచుకున్నది తెస్తే అది పండదు, నల్లగై రాయి అయితది. తెచ్చి బియ్యం డబ్బాలో పెడితే ఒకటి రెండు రోజుల్లో ఒత్తితే వేలు దిగుతది. ఐస్‌క్రీములో వేసినోళ్లు మంచోళ్లే గానీ గింజ నోట్లో తిప్పి ఉమ్ముకుంట తింటేనే అది సీతాఫలం, మర్యాదగా తినేందుకు కాదు.

బట్టల గురించి ఎక్కువ చెప్ప. గద్వాల చీర అందరికీ తెలుసు, ఒళ్లు నూలు, అంచు పట్టు, రెండిటినీ కుప్పడం నేతతోని కలుపుతరు. నాకు పెళ్లప్పటిది ఒకటి ఉంది, బీరువాలో ఉంది, బీరువాలోనే ఉంటది. రోజూ కట్టేది నారాయణపేట కాటన్, గళ్లది, ఒకే మగ్గం మీద ఒకే పడుగుకు ఎనిమిది చీరలు నేస్తరు అని పేరు దానికి. పాలమూరు ఏప్రిల్ ఎండల బస్సులో నిలబడి చూడండి, సింథటిక్ చీరకు దీనికి తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్ల మాత్రం నైటీయే, చేనేత దినోత్సవం నాడు కూడా నైటీయే.

మన ఊరివన్నీ ఇష్టమేమో అనుకునేరు, అంబలి నాకు పడదు. ఎండకాలం ఎవరింటికి పోయినా గ్లాసు చేతిలో పెట్టి "తాగు బిడ్డా, సల్లగుంటది" అంటరు, పెద్దోళ్లు కాబట్టి కాదనలేక కండ్లు మూసుకొని తాగుత. రంజన్ కుండల నీళ్లు ఇస్తే చాలు నాకు. పొద్దున ఇరానీ చాయ్, వంట చేసుకుంట ఇళయరాజా, ఈ రెండూ పాలమూరువి కావు, అయినా లిస్టులో పైననే ఉంటయి. తమ్మునికి పంపినప్పుడు ఇవి రాయలేదు, ఇవి అందరి లిస్టులో ఉండేటివే కదా అని.

ఇక బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్లో ఆడోళ్లకు జీరో టికెట్ వచ్చింది గదా, దాని మీద జోకులు ఇంకా నడుస్తనే ఉన్నయి, ఊరికే తిరుగుతున్నరు అని. అవును, ఊరికే తిరుగుతున్న. ఊరికే తిరిగే హక్కు మొగోళ్లకు ఎన్నడో ఉండె, అప్పుడు ఎవరూ లెక్క అడగలే. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు, కిటికీ సీటు దొరికితే కిన్నెర కథ ఒకటి మొత్తం వినొచ్చు. దొరకదు చాలాసార్లు, రద్దీ అట్లుంటది, కంబీ పట్టుకొని నిలబడుడే. నిలబడి వింటే సాయన్న కథ ఇంకా బాగుంటది, ఏదో పోరాటంలో మనం కూడా ఉన్నట్టు. రీలు చూసుకుంట పోతే షాద్‌నగర్ వచ్చింది కూడా తెల్వదు, దిగినంక ఏం చూసినవ్ అంటే ఒక్కటీ యాదికి రాదు.

డీజే పాటల మీద మాత్రం నేను ఇంకా ఎటూ తేల్చుకోలే. యూట్యూబ్‌లో మన యాస జానపదాలు కోట్ల మంది చూస్తున్నరు, వాటిలో సగం నాకు నోటికొచ్చు, బరాత్‌లో మోగితే కాళ్లు ఆగవు, ఆగినయని అబద్ధం చెప్ప. అది అసలైన జానపదం కాదని మూతి ముడిచేటోళ్లతోని కూడా నాకు పొసగదు, మా నాయనమ్మ నాటేసేటప్పుడు పాడిన పాటను కూడా అప్పట్లో ఎవరో ఒకరు కచ్చితంగా పనికిరాని పాట అనే ఉంటరు. కానీ గంటసేపు ఆ బాక్సుల ముందు నిలబడితే గుండె అదురుతది, పక్కింట్ల పసిపిల్లలు ఏడుస్తరు, పాటలో మాట ఒక్కటీ వినబడదు, మాట వినబడనిది నాకు పాట లెక్క అనిపించదు. వచ్చే నెల మా వాడకట్టులో పెళ్లి ఉంది. బరాత్‌కు డీజే పెట్టుకోండి గానీ ముందురోజు మైలపోలు తీసే రాత్రి కిన్నెర పిలిపిద్దాం, ఖర్చులో సగం మేమే పెట్టుకుంటం అని పెండ్లిపిల్ల తండ్రికి చెప్పిన. ఆయన మంచిగనే విన్నడు, "మంచి ఆలోచన చెల్లే, మన సంస్కృతి గదా" అన్నడు. డీజేకు రెండు రోజులకూ అడ్వాన్స్ ఇచ్చేసిండట.